బాగానే నడుస్తున్న లిఫ్టు

నేను లిఫ్టు మెకానిక్‌ని. బాగానే నడుస్తున్న లిఫ్టును ఆపి, పైకెక్కి ఉక్కుతాళ్లు తడిమి చూడటం నా ఉద్యోగం. కింద నిలబడ్డవాళ్లు సణుగుతుంటారు. "బాగానే నడుస్తోంది కదయ్యా, ఎందుకు కెలుకుతావు?"

"తెగేదాకా ప్రతి తాడూ బాగానే ఉంటుందమ్మా" అంటాను. అని మీసం దువ్వుకుంటాను.

ఆ మీసం దించే రోజు రానే వచ్చింది. మోకాలి నొప్పని వెళితే డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. మోకాలు సరే, రక్తంలో ఉండకూడని ప్రొటీనేదో ఉందట. "ఇప్పుడు జబ్బేం కాదు, మందూ అక్కర్లేదు. చాలామందికి ఎప్పటికీ ఏమీ కాదు. కొందరికి మాత్రం ముదిరి క్యాన్సరవుతుంది. అందుకే ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకోండి" అంది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఇంట్లో పని ఎగ్గొట్టడానికి కూడా పనికిరాని జబ్బు!

ఆర్నెల్లు తిరిగాయి. మా ఆవిడ తరిమితే ఆస్పత్రికి వెళ్లాను. అక్కడి లిఫ్టు తలుపు కీచుమంది. ఇంకేముంది, రక్తం సంగతి గాలికి పోయింది. జేబులో స్క్రూడ్రైవర్ లేనిదే నేను గడప దాటను. ఆపరేటర్ని పక్కకు జరిపి, తలుపు కింది గాడిలో ఇరుక్కున్న మేకు పీకి, చుట్టూ ఉన్నవాళ్ల మెప్పు పొంది పైకి వెళ్లేసరికి పరీక్ష గది మూసేశారు. ఎంత హాయిగా అనిపించిందో! లిఫ్టు గోతిలోకి తల వంచి చూసే మొనగాణ్ణి, ఆ పరీక్షలో ఏం తేలుతుందోనని భయపడుతున్నాను మరి.

"అంతా బాగానే ఉందట" అన్నాను ఇంటికొచ్చి.

మా ఆవిడ నా చెయ్యి తిప్పి చూసింది. మోచేతి మడతలో సూది గుర్తు లేదు. గోళ్లలో గ్రీజుంది.

"ఏ లిఫ్టు బాగు చేశారు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "గుండ్రాయిలా ఉన్నాను కదే, నాకేమైంది?"

ఆవిడ నా పనిసంచిలోంచి 'తనిఖీ అయ్యేవరకు వాడరాదు' అన్న బోర్డు తీసి నా మెడలో వేసింది. నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"ఊళ్లోవాళ్ల తాళ్లన్నీ తడుముతారు. నేనెక్కిన లిఫ్టుని మాత్రం చూడరేం?"

సిగ్గేసింది.

మర్నాడు పరీక్షకి మెట్లెక్కి వెళ్లాను, లిఫ్టెక్కితే మళ్లీ ఏదో వినపడుతుందని. వెనకే మా ఆవిడ, బోర్డు సంచిలో పెట్టుకుని. ప్రొటీను పెరగలేదట, మళ్లీ ఆర్నెల్లకి రమ్మన్నారు.

ఆ బోర్డు ఇప్పుడు మా పడకగది గోడకి వేలాడుతోంది. పనికి నేను కొత్తది రాయించుకున్నాను.