డాక్టరుగారి చెయ్యి

యుద్ధం నుంచి డాక్టరుగారు ప్రాణాలతో తిరిగొచ్చారు కానీ, కుడిచేతి వేళ్లలో వణుకు కూడా వెంట వచ్చింది. ఒక చిన్న ఊళ్లో, బజారువీధిలో రెండు గదులు అద్దెకు తీసుకుని వైద్యం మొదలుపెట్టారు. ముందు గదిలో ఆయన రోగులు, వెనక గదిలో భార్య కుట్టుమిషను. జ్వరాలకూ దగ్గులకూ ఆయన హస్తవాసి మంచిదని పేరొచ్చింది. గాయాలను మాత్రం వంతెన అవతలి పెద్దాసుపత్రికి పంపేసేవారు.

ఒక వానాకాలం ఆ వంతెన మునిగిపోయిన రోజున, ఉలి జారి ముంజేయి చీరుకుపోయిన వడ్రంగి నెత్తురోడుతూ వచ్చాడు. డాక్టరుగారు మత్తుసూది వేసి, కుట్లు వేయబోయారు. వేళ్లు మాట వినలేదు.

"ఇలా రా. నేను చెప్తాను, నువ్వు కుట్టు," అన్నారు భార్యతో.

"గుడ్డ కాదండీ, మనిషి!" అందామె.

"ఎవరో ఒకరు కానివ్వండమ్మా, పుణ్యముంటుంది!" అన్నాడు వడ్రంగి.

ఆమె పళ్లబిగువున కుట్టింది. వడ్రంగి చెయ్యి తిప్పి చూసుకుని, "ముచ్చటగా ఉందమ్మా! రెండు బొత్తాలు కూడా పెట్టేస్తే సరి," అన్నాడు. డాక్టరుగారు పగలబడి నవ్వారు. ఆయన యుద్ధానికి వెళ్లాక ఆమె మళ్లీ ఆ నవ్వు వినడం అదే మొదలు.

ఆ సాయంత్రం టీ తాగుతూ, యుద్ధంలో వైద్యపు గుడారంలో తన చేతుల్లోనే పోయిన సైనికుల గురించి ఆయన మొదటిసారి నోరు విప్పారు. వణుకుతున్న ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని ఆమె వింటూ కూర్చుంది.

తర్వాత ఎన్నో ఏళ్లు ఊళ్లో గాయాలన్నీ వాళ్లిద్దరి దగ్గరే మానాయి. ఆయన పోయాక ఆ గదుల్లో చెప్పులకొట్టు పెట్టారు. అటుగా వెళ్లినప్పుడల్లా ఆమెకు, "దారం మరీ బిగించకు," అనే మెత్తని గొంతు భుజం పక్కనే వినిపిస్తుంది.