అత్త వాకిట్లో జిల్లేడు

ఈ వానలు మొదలైనప్పుడు మా మేనత్త కాలం చేసింది. "అవ్వ లేస్తలేదు" అని ఆమె కొడుకు, మా బావ, గోడ మీది నుంచి పిలిస్తే పరుగెత్తాను. అప్పటికే ఒళ్లు చల్లబడింది. చొప్పదండిలో ఆమె ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి.

అత్త వాకిట్లో జిల్లేడు పెంచేది. వచ్చిన వాళ్లు ముఖం చిట్లించేవారు.

"మంచిగున్న ఇంట్ల జిల్లేడేందక్కా? పాడువడ్డ ఇంట్ల మొలుస్తది గది!"

"పాడువడ్డ కాడ సుత పూస్తున్నదంటే దాని గుణం సూడే" అనేది. పూల మీద మూగే నల్ల తుమ్మెదలను కూడా ఎవరినీ తోలనిచ్చేది కాదు.

శనివారం ఆ ఆకులతో హనుమంతునికి దండ కట్టేది. ఒక్కో ఆకునూ తిప్పి, అడుగున చూశాకే తెంపేది. సీతాకోకచిలుక గుడ్డు ఉన్నా, చారల పురుగు ఉన్నా ఆ ఆకును ముట్టేది కాదు. పాలు కంట్లో పడతాయని నన్ను దూరంగా నిలబెట్టేది. నేను దారం పట్టుకునేదాన్ని. వానాకాలంలో పురుగులు ఎక్కువై దండ చిన్నదయ్యేది.

"ఏందమ్మా, గీ దండ స్వామి చెవికి ఏయాల్నా?" అని గుడిలో అయ్యగారు నవ్వేవారు.

"పిల్లలు తింటున్నయి అయ్యగారూ. ఆకలైతే సూర్యున్నే మింగవోయినోడు, గాయినకు తెల్వదా?"

దేవునికి పెట్టేది ఇంకొకరి నోటి దగ్గరిది కాకూడదని నాకు నేర్పింది ఆమే.

దినాలకు వచ్చిన చుట్టాలు ఆ చెట్టుతోనే ఇంటికి కీడైందన్నారు. బావ గొడ్డలి తీశాడు.

"బావా, పురుగులున్నయి. రెక్కలొచ్చేదాక జర ఆగు" అని బతిమాలాను.

"అచ్చం అవ్వ లెక్కనే మాట్లాడుతున్నవ్" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కానీ, అంతమంది ముందు గొడ్డలి ఆపలేకపోయాడు.

పురుగులున్న కొమ్మలు ఏరి తెచ్చి నీళ్ల బిందెలో పెట్టాను. పురుగులు తినగలిగినంత తిన్నాయి. కొన్ని ఎండిపోయాయి. కొన్ని లేతాకుపచ్చ గూళ్లై వేలాడి, రెక్కలు రాగానే ఎటో వెళ్లిపోయాయి. మిగిలిన కొమ్మలు మా వైపు గోడ పక్కన నాటాను.

నిన్న శనివారం. ఒక కొమ్మకు చిగురు వచ్చింది. ఇటుకరంగు సీతాకోకచిలుక ఒకటి దాని చుట్టూ తిరిగి తిరిగి, వాలి, చిగురు అడుగుకు ఒళ్లు వంచింది.

"అత్తా, జల్ది రా" అని నోటిదాకా వచ్చింది.

గోడకు అవతల, చెట్టు ఉన్న చోట, కొత్త సిమెంటు మీద చల్లిన నీళ్లు ఆరుతున్నాయి.