తక్కెట్లో తగ్గిన చంటోడు

శెట్టి దుకాణంలో నేను చంటోణ్ణి తక్కెట్లో పెట్టి ఏడ్చినానని మీదాకా వచ్చిందంట కదా. విన్నది నిజమే అక్కా. కూచోండి, టీ పోస్తా. ఊళ్ళోవాళ్ళ నోట వినేదానికన్నా నా నోటే వింటే నయం. ఎట్లాగూ నవ్వేది నా మీదనే.

వీడు పుట్టినాక నాకు టైఫాయిడ్ వచ్చి లేచినా గానీ, పాలు మాత్రం ఎండిపోయినాయి. మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ పాలపొడి డబ్బా చేతిలో పెట్టి, కలిపేది కూడా చూపించింది. "డబ్బాలో ఉండే చెంచాతోనే కొలువు. కుప్పగా పొయ్యొద్దు, వెలితిగా పొయ్యొద్దు, అంచుకు సమంగా ఉండాల. బరువు పెరుగుతుంటే పాలు ఒంటబడుతున్నట్టు. పెరక్కపోతే మాత్రం లేటు చెయ్యకుండా తీసుకొనిరా" అన్నది.

ఆ ఆఖరి మాటే నా చెవిలో కూచుంది. మా మొదటి పిల్ల అట్లనే పోయింది కదా. తాగింది ఒంటబట్టక రోజురోజుకూ తేలికైపోయి, కడాకు ఒళ్ళో ఉందో లేదో తెలియనంత అయింది. ఆ తేలిక నాకింకా గుర్తే. వీణ్ణి ఎత్తుకున్నప్పుడల్లా మొదట బరువే చూసుకుంటా.

వీడికేమో తీరని ఆకలి. సీసా ఖాళీ అయినా పీక వదలడు, లాక్కుంటే వీధంతా వినపడేట్టు ఏడుస్తాడు. ఇన్ని పాలు తాగి ఏం చేస్తున్నాడో నాకర్థం కాదు. మా అత్తనడిగితే "ఏముంది వాడికాడ, ఎండుపుల్ల మాదిరి ఉండాడు" అంటాది. దిష్టి తగలగూడదని పెద్దోళ్ళు అట్లనే అంటారు, నాకూ తెలుసు. ఎదురింటామె బొద్దుగా ఉన్నాడంటే, రాత్రంతా విరేచనాలని నేనే అబద్ధం చెప్పి పంపించినా. అయినా అత్త పుల్ల అన్నప్పుడల్లా వాడి చేతులూ కాళ్ళూ పట్టి చూసుకునేదాన్ని. అబద్ధమని తెలిసీ భయపడేదాన్ని.

మాటిమాటికీ మార్కాపురం బస్సెక్కలేం కదా, మన అర్ధవీడులోనే శెట్టి మామ దుకాణంలో తూయిస్తానన్నా. అత్త ససేమిరా అన్నది.

"పిల్లోడేమన్నా చింతపండా తూయనీకి? తూకానికి పెట్టిన బిడ్డ పెరగడంట."

"డాక్టరమ్మ చెప్పింది అత్తా."

"ఆమెకు ఎంతమంది పిల్లలు?"

"పెళ్ళే కాలేదు."

"మరి అదే" అని లేచిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఏమనుకుందో ఏమో, "సరే పా, నేనే ఎత్తుకుంటా" అన్నది. చంటోణ్ణి బొంతలో చుట్టి, నా చేతికియ్యకుండా తనే మోసుకొచ్చింది. నేను గెలిచినాననుకున్నా.

శెట్టి మామ దగ్గర మిరపకాయలు తూచే పెద్ద తక్కెడ ఉంది. "ఏ రాళ్ళతో తూయాలమ్మా? పాత వీశెలున్నాయి, కొత్త కిలోలు వచ్చినాయి. కొత్త రాష్ట్రం, కొత్త రాళ్ళు, నాకే ఇంకా లెక్క కుదర్లే" అన్నాడు. నేను మహా తెలివిగలదాన్ని కదా. "ఏవైనా సరే మామా. ఈ పొద్దు ఏవి పెడితే మళ్ళా అవే పెట్టాల. నేను కూడా ఇదే బొంతలో తెస్తా" అన్నా. శెట్టి మామ మెచ్చుకోలుగా తలూపి, పాత రాళ్ళతో తూచి, వాటిని గోతాంలో కట్టి పక్కన పెట్టినాడు. రాళ్ళు మారి మోసపోయేది ఎవరో గానీ నేను కాదనుకుంటా ఇంటికొచ్చినా.

ఆ పొద్దు నుంచి పాలపొడి కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టేదాన్ని. చెంచా మీద కత్తి వెనకభాగంతో గీసి, కన్ను ఆనించి చూసేదాన్ని. మా ఆయన చూసి "బంగారం తూస్తుండావా?" అన్నాడు. బంగారమైతే అంత భయపడేదాన్ని కాదు.

నెల తిరిగింది. మొన్న అత్త ఇంట్లో లేదు, పొదిలిలో కూతురింటికి పోయి ఉంది. నేను మధ్యాహ్నం చంటోడికి నీళ్ళు పోసి, కడుపునిండా పాలు పట్టి, అదే బొంతలో చుట్టుకొని దుకాణానికి పోయినా. శెట్టి మామ అవే రాళ్ళు విప్పి పెట్టినాడు. రాళ్ళ పక్క కిందికి దిగింది. మావాడు పైకి లేచినాడు.

ఆయన తాళ్ళు సరిచేసినాడు, పళ్ళెం తుడిచినాడు. మళ్ళా అంతే. ఒక చిన్న రాయి తీసేసినాడు. అప్పుడు తక్కెడ నిలిచింది. "తగ్గినాడమ్మా" అన్నాడు మెల్లగా.

నేను అక్కడే, మిరపకాయల మూటల మధ్య కూలబడినా. మొదటి పిల్ల తేలిక చేతుల్లోకి వచ్చేసింది. ఎంతసేపు ఏడ్చినానో తెలియదు. వాడేమో తక్కెట్లో కాళ్ళాడిస్తా నన్ను చూసి నవ్వుతున్నాడు. సరుకులకు వచ్చినోళ్ళంతా చుట్టూ చేరినారు. మేకపాలు పట్టమని ఒకరు, తాయెత్తు కట్టమని ఒకరు. మా పక్కింటి నాగమ్మవ్వ మాత్రం "డబ్బా ఎక్కువ దినాలు రావాలని నీళ్ళపాలు పోస్తుండావా ఏంది?" అన్నది. ఆ మాటకు నా ప్రాణం చచ్చిపోయింది.

కబురందుకొని మా ఆయన చేలోనుంచి పరిగెత్తుకొచ్చినాడు. "ఏడవమాకు. బండి కడతా. కంభం పోయి బస్సెక్కుదాం" అన్నాడు. ఇంటికాడ ఎద్దుల్ని కాడికి కడుతుంటే మా అత్త సంచి చంకన పెట్టుకొని దిగింది, పొదిలి నుంచి. జరిగింది చెప్పినా. ఆమె మొఖం పాలిపోయింది.

"అదే బొంతనా?"

"అదే."

"దాంట్లో కర్రు పెట్టినావా?"

"ఏం కర్రు?"

అత్త ఇంట్లోకి పోయి, ఉయ్యాల కింద నుంచి గుడ్డ చుట్టిన మూట ఒకటి తెచ్చింది. విప్పితే నాగటి కర్రు. అరిగిపోయినా ఇనుము ఇనుమే, నా చెయ్యి కిందికి దిగింది. "పదిమంది చూసేకాడ బిడ్డను తూయిస్తానంటివి. నా మాట వినవు. ఇనుముంటే దిష్టి తగలదు కదా, ఆ పొద్దు వాడి కాళ్ళకాడ పెట్టి ఎత్తుకొచ్చినా" అన్నది తల దించుకొని.

"ఈ కర్రు కోసం నేను కొట్టమంతా వెతికితినే" అన్నాడు మా ఆయన, ఎద్దు పలుపు పట్టుకొని.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. "అయితే వాడు తగ్గలేదా అత్తా?" అని అడిగినా. "నాకేం తెలుసే? పా, తూద్దాం" అన్నది, తూయగూడదన్న ఆ అత్తే.

అందరం దుకాణానికి పోయినాం. బొంత, బొంతలో బిడ్డ, బిడ్డ కాళ్ళకాడ కర్రు. అవతల మొదటిసారి పెట్టిన రాళ్ళన్నీ పెట్టినా, ఈసారి మావాడి పక్క దబ్బున కిందికి దిగింది. శెట్టి మామ అవతల రాయి మీద రాయి వేసి, "పెరిగినాడమ్మా, బాగా పెరిగినాడు" అన్నాడు. అత్త "గట్టిగా అనమాకు శెట్టీ" అని కసిరి, "ఏడ పెరిగినాడు, ఎండుపుల్ల" అనుకుంటా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాకు తనివి తీరలేదు. కర్రు తీసి తూయించినా. పెట్టి తూయించినా. కర్రు ఒక్కదాన్నే తూయించినా. తూచినప్పుడల్లా కొత్తగా సంతోషం. ఇంతలో చంటోడు గుక్కపెట్టి ఏడవడం మొదలుపెట్టినాడు. దిష్టి తగిలిందన్నది అత్త. పళ్ళెం చల్లగా ఉండాదేమో అన్నాడు శెట్టి మామ. కడుపునొప్పేమో, బండి ఎట్లాగూ కట్టినాం కదా, ఆసుపత్రికే పోదామన్నా నేను.

నాగమ్మవ్వ మా అందరినీ ఒకసారి చూసింది. "పొద్దు గూకబోతుండాది. వాడికి పాలెప్పుడు పట్టినావే?" అన్నది.

వాణ్ణి ఎత్తుకొని ఇంటికి పరిగెత్తినా అక్కా. ఇంకోసారి తూయించి ఉంటే, నిజంగానే తగ్గి ఉండేవాడు.