రూటర్ చెప్పిన పేరు

దగ్గరికి జరిగి కూర్చోండి, ఈ పీట ఖాళీగానే ఉంది. మెదక్‌లో మా ఇంటికి ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో, తెలంగాణ కోసం బందుల మీద బందులు జరుగుతున్నప్పటి ముచ్చట ఇది.

మా మరిది కంప్యూటర్లు బాగుచేసేవాడు. పాత కంప్యూటర్ డబ్బా ఒకటి తెచ్చి, దాన్ని నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, బియ్యం బస్తాల పక్కన పెట్టాడు. ఏ ఫోన్ ఎప్పుడు నెట్ వాడిందో, ఏ సైటు తెరిచిందో, ఇంటికంతా నెట్ పంచే గోడ మీది రూటర్ ఎప్పటికప్పుడు ఆ డబ్బాకు చేరవేసేది. మరిది ఫోన్‌కొక మనిషి పేరు రాసుకుని, పొద్దుగూకాక మామకు పేపరు చదివినట్టు చదివి వినిపించేవాడు. ఫోన్లో మాట్లాడేది అందులో పడదని మరిది చెప్పినా, మా అమ్మతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేదాన్ని.

ఒక సాయంత్రం ఆ లెక్కలు నా బిడ్డ పేరు మీదే వరసగా వచ్చాయి. రోజూ మధ్యాహ్నం వీడియోలే. డిగ్రీ పరీక్షలకు మేడ మీద చదువుకుంటున్నానన్న పిల్ల! మామ గొంతు పెంచలేదు.

"రేపటిసంది కాలేజీ బంద్. ఫోను బీరువల పెట్టుండ్రి" అన్నాడు.

పిల్ల తల వంచుకుని నిలబడింది. ఆ ఫోన్ మధ్యాహ్నాలు ఎవరి చేతిలో ఉండేదో దానికీ తెలుసు, నాకూ తెలుసు. ఉద్యమమోళ్లు రోడ్డు మీద పొయ్యి పెట్టి వండే వంటావార్పుకు పోయి వచ్చిందని అత్తను మామ గడప దాటనివ్వడం మానేశాడు. ఆ ఉద్యమం సభలూ పాటలూ ఆమె మనవరాలి ఫోన్లో చూసుకునేది. పక్కన పిల్ల పుస్తకం చదువుకునేది. మా ఇంట్లో ఫోన్ ఒకరి పేరున ఉంటుంది గానీ, ఖాళీగా ఉన్న చేతికి పోతుంది. మరిదికి ఆ సంగతి తట్టలేదు. చెబితే అత్తను పట్టిచ్చినట్టు, చెప్పకుంటే బిడ్డ చదువు పోయినట్టు. పొయ్యి మీద అన్నం అడుగంటుతున్న వాసన వస్తున్నా తలుపు దగ్గర నుంచి కదలలేకపోయాను.

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ పెరట్లోంచి వచ్చింది.

"దాని సదువెందుకు బంద్ జేస్తరు? చూసింది నేను. బంద్ జేస్తే నా సదువు బంద్ జెయ్యుండ్రి."

"గంత నెట్టు నువ్వే తాగినవా అమ్మా?" అన్నాడు మరిది. ఎవరూ నవ్వలేదు.

మామ, "పొద్దుగాల కాలేజీకి పో" అన్నాడు పిల్లతో. అత్త దిక్కు చూడలేదు. మర్నాడు మరిది డబ్బాలో ఆ ఫోన్ పక్కన అత్త పేరు కూడా ఎక్కించాడు. అంతే, ఆమె మళ్లీ దాన్ని ముట్టలేదు. రోడ్డు మీద నినాదాలు వినబడితే మేడ మీది పిట్టగోడ పట్టుకుని అటే చెవి పెట్టి నిలబడేది.

ఇంతసేపు విన్నారు. మీ ఇంట్లో అనుమానం వస్తే మనిషిని అడిగి తెలుసుకునే నోళ్లుండాలి, మీ ఆడపిల్లల చదువులు ఆగకుండా సాగాలి, మీ ఇంటి పెద్దామె మనసైన చోటికి పోయి చల్లగా తిరిగి రావాలి.