సిరిల్ హాలిక్ మూసిన గడప

సిరిల్ హాలిక్ రంగును నమ్మేవాడు కాదు. ఎంత మెరిసే కారు తెచ్చి నిలబెట్టినా ముందు మోకాళ్ళ మీద కూచుని, తలుపు కింద పొడవునా పోయే డొల్ల రేకును వేలి కణుపుతో తట్టేవాడు. మా వృత్తిలో దాన్ని గడప అంటాం. పైకప్పులేని రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కార్లకు బలమంతా ఆ రెండు గడపల్లోనే ఉంటుంది. తట్టినప్పుడు ఖంగుమంటే సిరిల్ లేచి టీ అడిగేవాడు. దబ్బుమంటే పసుపు సుద్దతో అక్కడ ఒక సున్నా చుట్టేవాడు.

బెడ్‌వర్త్ ఊళ్ళో కాలువ ఒడ్డున పాత రిబ్బన్ల మిల్లు మా షెడ్డు. వెనక సగం అతనిది, రేకు పని. ముందు సగం నాది, సీట్లు కుట్టే పని. నాకు నోరెక్కువ, అతనికి మౌనం ఎక్కువ. కాబట్టే పందొమ్మిదేళ్ళు ఒక కప్పు కింద నెట్టుకొచ్చాం.

అతని అసలు కథ టీచరమ్మ కారుతో మొదలైంది. సిరిల్‌కు పదిహేనేళ్ళు, అన్న డెనిస్‌కు పదిహేడు. కవెంట్రీ సందుల్లో ఒక షెడ్డులో ఇద్దరూ పనికి కుదిరారు. ఆ యజమాని నేర్పిన విద్య ఒక్కటే. పుచ్చిన గడపలో నలిపిన పేపర్లు కుక్కడం, పైన లప్పం మెత్తడం, నల్లరంగు కొట్టడం. తనిఖీ చేసేవాడికి కూడా తెలిసేది కాదు. 1962 మార్చి పదిహేడున ఒక టీచరమ్మ కారు అలాగే మూశారు. మూడు వారాలకు కాలువ వంతెన దిగుతూ ఆ కారు నడిమికి విరిగింది. ఆవిడ బతికింది కానీ మళ్ళీ నడవలేదు. యజమాని రోడ్డును తిట్టాడు. అన్నదమ్ములిద్దరూ ఆ పూటే పని మానేశారు.

ఆ తర్వాత వాళ్ళు సొంతంగా పెట్టుకున్న షెడ్డులోకి లప్పం డబ్బా అడుగుపెట్టలేదు. గడప మూసే ముందు లోపలి రేకు మీద పసుపు మైనపు పెన్సిల్‌తో తేదీ, పేర్లు, చివర ‘చూశాం’ అనే మాట రాసేవాళ్ళు. నియమం ఒకటే: కళ్ళతో లోపల చూసినవాళ్ళే రాయాలి. పదిహేడేళ్ళ కిందట డెనిస్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అప్పట్నుంచి ఆ పేరు రాయడం ఆగింది.

మొన్న ఫిబ్రవరిలో ఇమోజెన్ సాచ్‌వెల్ ఆకుపచ్చ కారు తెచ్చింది. ఆమె ఇళ్ళకు తిరిగి మందులిచ్చే నర్సు. కారు తండ్రి వాలెస్‌ది. ఆయనకు చూపు పోయింది.

“జూన్ తొమ్మిదికి నాన్నకి ఎనభై నిండుతాయి. ఆయన్ని పక్కన కూచోబెట్టుకుని కొండల దాకా తీసుకెళ్ళాలండీ,” అంది.

“పక్కన అంటే ఎడమవైపు,” అన్నాడు సిరిల్, ఎడమ గడప తడుతూ. నాలుగు చోట్ల దబ్బుమంది. నాలుగు సున్నాలు చుట్టాడు.

మార్చి మొదటివారం ఒక ఉదయం నా దగ్గరికొచ్చాడు.

“నోరీన్, నా సున్నాలు చెరిపేశావా?”

“నీ సున్నాలతో నాకేం పనయ్యా? నా మొగుడి చొక్కాలుతకడానికే తీరిక లేదు.”

వెళ్ళి చూశాను. సున్నాలున్న చోట బూడిదరంగు లప్పం. ఎవరో తీరుబాటుగా కూచుని, నున్నగా అరగదీసి, అంచులు కలిపిన పని. చెయ్యి తిరిగినవాడి పని. మా షెడ్డులో ఆ వాసన నేనెప్పుడూ ఎరగను.

సిరిల్ గోకేశాడు. మళ్ళీ సున్నాలు చుట్టాడు. సోమవారం పొద్దున చూస్తే మళ్ళీ నున్నగా ఉంది. తాళం మార్చాడు. తాళంచెవులు రెండే, ఒకటి అతని దగ్గర, ఒకటి నా దగ్గర. గురువారానికి మళ్ళీ అదే.

“దెయ్యాలు లప్పం కూడా పెడతాయా?” అన్నాను.

“బతికున్నప్పుడు నేర్చుకునుంటే పెడతాయి,” అన్నాడు. నవ్వలేదు.

ఆ తర్వాత నేను మిషను ఆపినప్పుడల్లా వెనకనుంచి మాటలు వినపడేవి. సిరిల్ గొంతే. ఒక మాట, కాసేపు ఆగడం, మళ్ళీ ఒక మాట. ఎవరో జవాబు చెబుతున్నట్టుండేది.

“సరేలే డెన్. గట్టిగా పట్టుకో.” డెన్ అని అతను పిలిచేది పోయిన అన్ననే.

“ఎవరయ్యా అక్కడ?” అని కేకేశాను.

“ఎవరూ లేరే!”

తర్వాత గడప మీద రెండు దెబ్బలు. కాసేపటికి కారు రెండో చివరనుంచి మరో రెండు, కొంచెం నెమ్మదిగా. కాలువ పక్క నీటిగొట్టాలు చప్పుడు చేస్తాయని నాకు నేనే చెప్పుకున్నాను. నా వేళ్ళు మాత్రం సూది పట్టలేనంత చల్లబడ్డాయి. భయమేస్తే దాన్ని కోపం చేసుకోవడం నా అలవాటు. రేడియో పెద్దగా పెట్టాను. అప్పుడే లేచి వెళ్ళి చూడాల్సింది. చూడలేదు. నా తప్పు అదే.

ఏప్రిల్‌లో లప్పం గొడవ ఆగిపోయింది. సిరిల్ కూడా దాని ఊసెత్తలేదు. మే చివర్లో గడపలు రెండూ మూశానన్నాడు. ఆకుపచ్చ రంగు కొట్టాడు. ఇమోజెన్‌కు కబురు పెట్టాడు. ఎడమ సీటు బిగించడం ఒక్కటే మిగిలింది, అది నా పని.

తోలు బిగించే చిన్న మేకులు చెదిరిపోకుండా సీట్లు కుట్టేవాళ్ళం ఒక అయస్కాంతం దగ్గరుంచుకుంటాం. సీటు ఎత్తుతుంటే నాది జారి గడప మీద పడింది. ఇనుము మీద పడితే అతుక్కోవాలి. అతుక్కోలేదు. రంగు మీదుగా జారి నేల మీద ఠంగుమంది.

తీసి మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. మూరెడు పొడవునా ఎక్కడ పెట్టినా నిలవలేదు. వేలి కణుపుతో తట్టాను. దబ్బుమంది.

“సిరిల్! ఇలా రా.”

వచ్చాడు. నా చేతిలో అయస్కాంతం చూశాడు. మొహం ఎర్రబడింది.

“నేను మూసిన గడపని నువ్వు తట్టి చూస్తున్నావా? సీట్లు కుట్టేదానివి నువ్వు నాకు చెబుతావా?”

“నాకు కాదు కోపం చూపించేది. ఎనభయ్యేళ్ళ ముసలాయన దీని పైన కూచుంటాడు. తట్టి చూడు.”

తట్టాడు. చాలాసేపు చెవి అక్కడే పెట్టి ఉంచాడు. లేచి, కోత మిషను తెచ్చి తనే కోశాడు.

రంగు కింద లప్పం. లప్పం కింద పసుపు సున్నాలు నాలుగు. వాటి కింద మళ్ళీ లప్పం, మళ్ళీ సున్నాలు. ఆ కింద ఇనుము లేదు, ఎర్రటి పొడి ఉంది. లోపల కుక్కిన పేపర్లు సిరిల్ ఒక్కొక్కటే లాగి నేల మీద పరిచాడు.

“పాతవి కావు,” అన్నాడు. “ఈ మే నెలవే. ఎవడో మన షెడ్డులో కూచుని...”

పేపర్లో గళ్ళనుడికట్టు నింపి ఉంది. పెద్ద అక్షరాలు, పెన్సిలు నొక్కి రాసినవి. పక్కన టీ మరక. ఆ టీ ఒలకబోసింది నేనే. పొద్దున పదింటి టీ విరామంలో, మూడు వారాల కిందట.

“నిలువు ఆరు నువ్వు నన్నడిగావు సిరిల్. నదిలో ఈదే బొచ్చుజంతువు అని. నీటిపిల్లి అన్నాను. గుర్తులేదా?”

అతను పేపరు వంక చూశాడు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు, ఎవరి చేతులో తెచ్చి తనకు తగిలించినట్టు. నేను దీపం పట్టుకుని గడప లోపలికి వంగాను. లోపలి రేకు మీద పసుపు మైనంతో రాసి ఉంది:

17 మార్చి 1962. సిరిల్. డెనిస్. చూశాం.

ఆ మైనం ఇంకా జిడ్డుగా ఉంది. గోటితో ముడితే అంటుకుంది.

“డెన్ ఇక్కడే ఉన్నాడు నోరీన్,” అన్నాడు మెల్లగా. “చాలా రోజుల్నుంచీ వస్తున్నాడు. వాడొచ్చినప్పుడు మేమా కవెంట్రీ సందులోనే ఉంటాం. టీచరమ్మ కారు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి, లేకపోతే యజమాని ముసలోడు చంపేస్తాడు. తెల్లారి వచ్చి చూసేది మాత్రం ఇప్పటి నేను, చేసిందేదీ గుర్తుండదు.”

లప్పం డబ్బా అతని భోజనం సంచీలోనే దొరికింది. అతనే తీసి బల్ల మీద పెట్టాడు. ఏడవడం మొదలుపెట్టాడు. నేనూ ఏడ్చాను. మూడు నెలల్లో మొదటిసారి నాకు కోపం రాలేదు.

కళ్ళు తుడుచుకుని అతనడిగిన మొదటి మాట ఇది: “ఇంకా ఏవేవి బయటికెళ్ళాయి?”

గోడమీది క్యాలెండరు చూసి లెక్కపెట్టాం. పోయిన వేసవి నుంచి ఆరు కార్లు. ఇమోజెన్‌కూ, ఆ ఆరుగురికీ నేనే ఫోన్లు చేశాను, నిజమే చెప్పాను. ఇమోజెన్ అరిచింది, అరవాల్సిందే. ఒకాయన కోర్టుకెళ్తానన్నాడు. అయిదు కార్లు తిరిగొచ్చాయి. సిరిల్ కూచుని తట్టాడు, పక్కనే కూచుని నేనూ తట్టాను. మూడు ఖంగుమన్నాయి. రెండు దబ్బుమన్నాయి.

ఆరోది ఎర్రది. దాని యజమాని వేల్స్‌లో ఎక్కడో సంతలో ఊరూపేరూ తెలియని మనిషికి అమ్మేశాడు. ఇప్పటికీ మా వీధిలో ఎర్ర కారు చప్పుడైతే సిరిల్ గేటు దాకా పరిగెడతాడు. అది పోయేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాడు.

జూన్ తొమ్మిదికి ఆకుపచ్చ కారు కదల్లేదు. ఇమోజెన్ తండ్రిని షెడ్డుకే తీసుకొచ్చింది. ఇనుప స్టాండ్ల మీదున్న కారులో ఆయన్ని కూచోబెట్టి కేకు కోయించాం. సిరిల్ ఆయన ముందు మోకాళ్ళ మీద కూచుని జరిగిందంతా చెప్పాడు. వాలెస్ చెయ్యి చాచి, తడిమి, అతని భుజం పట్టుకున్నాడు.

“నాకూ కనపడదు బాబూ,” అన్నాడు. “పక్కనున్నవాళ్ళని అడుగుతూ ఉంటాను.”

జూలైలో అథర్‌స్టోన్ నుంచి కెల్విన్ అనే వెల్డరు వచ్చి ఎడమ గడప కొత్తగా కట్టాడు. సిరిల్ స్టూలు మీద కూచుని ప్రతి అతుకూ ఎలా వెయ్యాలో విడమరిచి చెప్పాడు, చేత్తో మాత్రం ముట్టుకోలేదు. మూసే ముందు లోపలికి దీపం పట్టాం. ముగ్గురం చూశాం. తెల్లటి ఇనుము, ఎక్కడా మచ్చ లేదు.

సిరిల్ పసుపు పెన్సిలు తీశాడు.

“ఇవాళ ఏం తేదీ?”

చెప్పాను. రాశాడు. కెల్విన్ పేరు రాశాడు. నా పేరు రాశాడు. ‘చూశాం’ అని రాసి పెన్సిలు నాకిచ్చేశాడు.

“నీ పేరేదయ్యా?”

“నేను చూసినట్టు రేపు పొద్దునకి నాకు తెలీదు కదమ్మా,” అన్నాడు సిరిల్. “చూసినవాళ్ళే రాయాలి.”

కెల్విన్ రేకు మూసి, అద్దాల టోపీ దించుకుని వెల్డింగు మొదలుపెట్టాడు.