జీడిపప్పు వాసన వేసిన డిస్కు

తుఫానుకు చావని మా కంప్యూటరు, ఆకు కూడా కదలని ఒక మామూలు మధ్యాహ్నం చచ్చింది. తుఫాను రోజు ఇంటి పెంకులు ఎగిరిపోతుంటే మా అమ్మ తన చీరల పెట్టె వదిలేసి, ఆ సీపీయూని టార్పాలిన్‌లో చుట్టి మంచం కిందికి తోసింది. గాలి తగ్గాక వెళ్లి చూస్తే అక్కుపల్లి దారిలో ఉన్న మా కొబ్బరితోటలో నిలబడిన చెట్టంటూ లేదు. కరెంటు వచ్చాక స్విచ్చి వేస్తే కంప్యూటరు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలిగింది.

తోటంతా అందులోనే ఉంది. టెక్కలిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో కెమెరా కొనుక్కుని, సెలవు దొరికినప్పుడల్లా ఆ చెట్లను ఫొటోలు తీసేదాన్ని. అప్పుడది సరదా. తుఫాను తర్వాత అమ్మకు అదే తోట. సాయంత్రం దీపం పెట్టి వచ్చి కుర్చీ లాక్కుని, "సీరియల్ వద్దు గానీ తోట ఎట్టవే" అనేది. ఒక్కో ఫొటో దగ్గర ఆగి, ఇది పిసినారిది, ఇవి కవలలు, ఇది మీ నాన్న నాటింది అని చెప్పుకుపోయేది. కొత్తగా వేసిన మొక్కలు ఇంకా నా నడుం దాకా కూడా రాలేదు. వాటికి పేర్లు పెట్టే ఓపిక తనకు లేదంది.

ఆ ఫొటోల్లో మా బావ చెట్టు కూడా ఉంది. బావంటే మా మేనమామ కొడుకు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చిన్నప్పుడు ఆ చెట్టెక్కి దిగలేక ఏడుస్తుంటే వీధంతా కింద చేరి నవ్విందట. అతను ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ మొదట "తిన్నావురా?" అని అడిగేది, తర్వాత ఆ ఫొటో పెట్టించి ఏడిపించేది. అతను కూడా నవ్వేవాడు.

మొదట ఫొటోలు తెరుచుకోవడం ఆలస్యమైంది. తర్వాత కవలల్లో ఒక చెట్టు సగం నుంచి కిందికి బూడిదరంగైపోయింది. ఆ మధ్యాహ్నం లోపల టకటకమని చప్పుడు మొదలై తెర నీలంగా మారింది. ఇంకోచోట కాపీ పెట్టుకోలేదా అని తర్వాత అందరూ నన్నే అడిగారు. అంత తుఫానులో నమ్మకంగా నిలబడ్డదాన్ని ఎవరు అనుమానిస్తారు?

కాశీబుగ్గ కంప్యూటరు షాపులో ఫొటోలున్న హార్డ్ డిస్కు ఊడదీసి చూసి, ఇంకా కొంత ప్రాణం ఉందన్నారు. మళ్లీ ఆన్ చెయ్యొద్దు, ఏమీ చెయ్యొద్దు, ఉన్నదున్నట్టు విశాఖపట్నంలో డేటా తిరిగి తీసేవాళ్లకు పంపితే చాలావరకు ఫొటోలు తిరిగొస్తాయన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. ఆ మాటలన్నీ బావకు పూసగుచ్చినట్టు చెప్పాను.

"మా సరుకు లారీ వారం వారం ఇశాపట్నం ఎల్తాది గదే. నేనే అట్టుకెల్లి సేతికిచ్చి వత్తాను. నీకెందుకు బెంగ?" అన్నాడు.

ఇచ్చాను. అడిగినప్పుడల్లా "సూత్తన్నారంట, తొందరెట్టకు" అనేవాడు. అమ్మ సాయంత్రాలు ఖాళీ తెర ముందు నుంచే వంటగదిలోకి వెళ్లేది. ఒక ఆదివారం అతను ఇంటికి వచ్చి, డిస్కున్న కవరు నా చేతిలో పెట్టి, "అవ్వదన్నారే. పోయిందంట" అన్నాడు.

కవరు విప్పగానే కమ్మటి వాసన. అమ్మ లోపల్నించి, "ఏటే, ఆడు పప్పు తెచ్చాడేటి?" అని కేకేసింది. డిస్కు మీది లేబుల్ అంచులు ముడుచుకుపోయి ఉన్నాయి. అది పలాసలో అందరికీ తెలిసిన వాసనే. పొట్టు తేలిగ్గా ఊడాలని జీడిపప్పును వేడిగదిలో ఆరబెడితే వీధి వీధంతా వస్తుంది.

మా వైపు ఏది పాడైనా ముందు అనే మాట చెమ్మ పట్టిందనే. సముద్రపు గాలికి అగ్గిపెట్టె చెమ్మగిల్లినా, రేడియో గొంతు పోయినా, అప్పడాలు మెత్తబడ్డా, అన్నిటికీ ఎండే మందు. నాకు క్షణంలో అర్థమైంది.

"బావా, ఇది ఇశాపట్నం ఎల్లిందా?"

అతను వాసాల వంక చూశాడు. "సెమ్మ పట్టుంటాది అనుకున్నానే. పప్పు పక్కన ఒక పూట ఎడితే ఆరిపోద్ది గదా అని... తీసి ఆఫీసు కంప్యూటరుకి తగిలిత్తే ఆ టకటక కూడా నేదు. బయమేసింది."

"మరి సూత్తన్నారు, సూత్తన్నారు అన్నావు. ఎవులు సూత్తన్నారు?"

"నా సొరుగులోనే ఉందే" అన్నాడు. అన్నాళ్లూ అది అక్కడే ఉంది. ఆరబెట్టడం అతని తెలియనితనం, దాన్ని నేను క్షమించగలను. కానీ మా అమ్మ ఎదురుగా కూర్చుని, ఆమె వండింది తింటూ, ఆ విశాఖపట్నం వాళ్ల మాటలన్నీ కల్పించి చెప్పాడే, అది మాత్రం నాకు మింగుడు పడలేదు. దాన్ని చూడనే చూడనివాళ్ల మీద అంత ఆశ పెట్టుకున్నామా అని ఒళ్లంతా మండిపోయింది.

మర్నాడు డిస్కు పట్టుకుని నేనే విశాఖపట్నం రైలెక్కాను. అక్కడివాళ్లు దాన్ని తిప్పి చూసి, వేడి తగలకముందు తెచ్చుంటే బాగుండేదన్నారు. డిస్కు మళ్లీ అదే కవర్లో పెట్టుకుని తిరుగు రైలెక్కాను.

ఇంటికొచ్చేసరికి బావ వరండాలో కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి లేచి నిలబడ్డాడు. అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఫొటోలు రాలేదమ్మా అన్నాను. తిడుతుందనుకున్నాను, నాకైతే తిట్టాలనే ఉంది. అమ్మ చాలా నెమ్మదిగా అతనితో అంది:

"నువ్వెక్కి దిగనేక ఏడిసిన సెట్టు కూడా అందులోనే ఉందిరా."

"తెలుసత్తా" అన్నాడు.

మెట్లు దిగి చెప్పులేసుకున్నాడు. మధ్యాహ్నం నుంచి నాకోసం అక్కడే ఉన్నాడని మొహమే చెబుతోంది, ఎండకు వాడిపోయి ఉంది. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అతను గేటు దాటేదాకా అమ్మ చూస్తూనే ఉంది. తిన్నావా అని అడగలేదు.