సుత్తి దెబ్బ

రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూసుకునే చక్రధర్‌కి పాత మోటార్‌సైకిళ్ల పిచ్చి. యూ టీ పేటలోని తన ఫ్లాట్ వంటింటి వెనక, బట్టలారేసుకునే జాగాలో, ఇప్పటికి మూడు ఇంజిన్లు విప్పి బిగించాడు. అక్కడి తెలుగువాళ్లలో పేరొచ్చింది. పేరొస్తే మనిషి ఎందుకు చెడతాడో తెలీదుగానీ, చెడతాడు.

నాలుగోది మధుసూదనరావు అంకుల్‌ది. అరవై ఏళ్లనాటి బండి, మెయిన్ బేరింగులు అరిగిపోయాయి. కొత్తవి వెయ్యడంలో రహస్యమేం లేదు. ఇంజిన్ కేసుని ఓవెన్‌లో వేడి చెయ్యాలి, బేరింగుని ఫ్రీజర్‌లో పెట్టాలి. అప్పుడది కేసులోని గుంటలోకి దానంతటదే జారి కూర్చుంటుంది.

బేరింగులు మునక్కాయ ముక్కల పక్కన గడ్డకట్టాయి. ఓవెన్ దగ్గరే చిక్కొచ్చింది. ఇంట్లో అత్తగారు కమలాదేవి ఉన్నారు, ఆవిడకి మడి. నూనె మరకల ఇనుము ఆ ఓవెన్‌లో ఎలా పెడతాం? చల్లటి కేసులోకే సుత్తితో దిగ్గొట్టాడు. బేరింగు వంకరగా దిగి గుంటని గీరేసింది, వదులైపోయింది. దాన్ని పీకి, గుంట చుట్టూ పంచ్ అనే మొనఉలితో చుక్కలు పొడిచి, ఆ గరుకుతో బిగుతు తెప్పించి, బేరింగుని మళ్లీ దిగ్గొట్టి, ఇంజిన్ మూసేశాడు. చేతికి గట్టిగానే ఉంది. రోడ్డు మీద ఎన్నాళ్లుంటుందో మాత్రం అతనికి బాగా తెలుసు.

గురువారం అంకుల్ వచ్చాడు.

"శనివారం మలక్కా పోతున్నానోయ్! హైవే మీద తొంభై లాగించొచ్చా?"

తొంభై మీద బేరింగు వదులై గుంటలోనే తిరిగిందంటే ఇంజిన్ పట్టేస్తుంది. వెనక చక్రం ఆగిపోతుంది. అంకుల్ వయసు అరవై ఆరు.

"వెళ్లకండి అంకుల్," అన్నాడు చక్రధర్. అంతా చెప్పాడు, నేల చూస్తూ. చివర గొంతు తగ్గించి, "అత్తగారి మడి, ఓవెన్ వాడలేకపోయాను," అని కలిపాడు.

"సుత్తి ఆవిడ పట్టుకుందా?" అన్నాడు అంకుల్.

కాఫీ తెస్తున్న కమలాదేవి గుమ్మంలో ఆగింది. "నన్నడిగారా అల్లుడుగారూ? ఓవెన్‌కి మడేవిటి! కడుక్కుంటే పోయేదానికి."

అడగలేదు. అడిగితే సరేనంటుందేమోనన్న అనుమానం కూడా ఉండింది. సరేనంటే కేసుని శుభ్రంగా తోమాలి, గంటసేపు కాపలా కాయాలి. మడి పేరు చెప్పుకోవడం తేలిక.

అంకుల్ ఫోన్ తీసి మలక్కాలోని స్నేహితుడికి కలిపాడు. "రావట్లేదురా. నడుం పట్టేసింది. బండా? బండికేం, భేషుగ్గా ఉంది. మనవాడు బ్రహ్మాండంగా చేశాడు."

నిజం చెప్పండి అంకుల్ అందామని నోరు తెరిచాడు చక్రధర్. ఈలోపే అంకుల్ ఫోన్ పెట్టేసి, అతని వైపు చూడకుండానే కాఫీ అందుకున్నాడు.

చక్రధర్ స్పానర్ తీసుకుని ఇంజిన్ ముందు నేలమీద కూర్చుని, మళ్లీ మొదటి బోల్టు విప్పాడు.